గుడ్లగూబ పింజ, నెలవంక ములికి

తూర్పు కొండల వెనుక నుంచి సూర్యబింబం కుంకుమ భరిణె మూత తీసినట్టు తొంగిచూసింది. ధూమగిరి శిఖరాల మీది మంచు కరిగి, వెండి పాయలై, రాయి నుంచి రాయికి దూకుతూ లోయలోకి పరుగులు తీస్తోంది. పక్షుల గట్టు అంచుల మీద గద్దలు, కొంగలు, నెమళ్ళు, పేరు తెలియని పచ్చరెక్కల పిట్టలు రెక్కలు విదిల్చి ఎండ కాచుకుంటున్నాయి. రాలిన ఈకలు గట్టు కింద రంగురంగుల తివాచీలా పరుచుకుని ఉన్నాయి.

అంత అందమైన ఉదయాన, ఆ తివాచీ నడుమ నిలబడి, హేమకూట యువరాజు ఉదయకేతుడు ఒక వేటగత్తెతో గొంతు చించుకుని పోట్లాడుతున్నాడు. తగాదా రాజ్యం గురించి కాదు. ఈకల గురించి.

"నెమలి ఈకలా!" గురివింద బుగ్గలు నొక్కుకుంది. "దొరా, నువ్వు పందిని కొట్టబోతున్నావా, పెళ్ళికి పిలవబోతున్నావా?"

"మా వంశంలో బాణానికి నెమలి పింజ కట్టడమే మర్యాద. మా ముత్తాతగారు ఇలాంటి బాణంతోనే పులి మీదికి వెళ్ళారు."

"తగిలిందా?"

ఉదయకేతుడు చేతిలోని నెమలి ఈకను నిమిరాడు. "పులి పారిపోయిందని చెబుతారు."

"పారిపోదా మరి! అన్ని రంగులు మీదికొస్తుంటే ఏనుగైనా జడుసుకుంటది!" అని గురివింద పకపకా నవ్వింది. ఉదయకేతుడు కోపం తెచ్చుకోబోయి, తెచ్చుకోలేక, తానూ నవ్వేశాడు. ఈ మధ్య అతనికి నవ్వు కారణం లేకుండానే వస్తోంది. నెలరోజులుగా రెప్ప వేయని మనిషికి నవ్వూ ఏడుపూ పక్కపక్క గదుల్లోనే ఉంటాయి.

అతనొక్కడే కాదు, హేమకూట నగరమంతా నిద్ర పోగొట్టుకుంది. కొలువులో తనకు సింహాసనం పక్కన ఆసనం వేయలేదన్న కోపంతో కరాళకేశుడనే మాంత్రికుడు నగర ప్రజలందరి నిద్రనూ పాలమీగడ తీసినట్టు తీసి, ఒక వెండి గంటలో నింపి, తన లోహవరాహం మెడకు కట్టి వదిలాడు. ఆనాటి నుంచి కోట కాపలావాళ్ళు స్తంభాలకు నమస్కారాలు పెడుతున్నారు. వంటవాళ్ళు పాయసంలో ఉప్పు వేసి, చారులో ద్రాక్షపళ్ళు వేస్తున్నారు. ఉయ్యాలలోని పసివాళ్ళకు ఏడ్చి ఏడ్చి గొంతులు పోయాయి. చివరికి మహారాణి పూర్ణమదేవి కన్నకొడుకును ఎదుట నిలబెట్టుకుని, "నువ్వెవరు నాయనా, ఏ ఊరు?" అని అడిగింది. రాబోయే అమావాస్య దాటితే ఆమె బతకదని రాజవైద్యులు తేల్చేశారు. ఆ మాట విన్న గడియలోనే ఉదయకేతుడు విల్లు అందుకుని కోట దాటాడు.

దారిలో మొసళ్ళ మడుగు దగ్గర కలిసింది గురివింద. నల్లమన్ను కోనలో వేటగాళ్ళ నాయకుడి కూతురు. మొదట అతను ఆమెను మొసలి నోటి నుంచి లాగాడు, మరుక్షణం ఆమె అతన్ని అదే మొసలి తోక దెబ్బ నుంచి తప్పించింది. అప్పటి నుంచి ఇద్దరూ కలిసే నడుస్తున్నారు. ఆమెది హేమకూటం కాదు కనుక చెట్టు కనబడితే చాలు, కిందపడి హాయిగా గురక పెడుతుంది. ఆ గురక వింటూ యువరాజు రాత్రంతా అసూయతో కుమిలిపోతుంటాడు.

"ఇదిగో, ఇట్టా ఉండాలి," అంటూ ఆమె తన బాణం చూపించింది. ముందు మొనకు వెడల్పాటి ఆకు ములికి, వెనుక కురచగా కత్తిరించిన గద్ద ఈకలు.

ఉదయకేతుడు తల అడ్డంగా ఊపాడు. "ములికి వెడల్పయితే గాలి దాన్నే పట్టుకుంటుంది. వెనుక ఈక పొడుగ్గా ఉండి అదిమిపెట్టకపోతే బాణం ముక్కు తనకు ఇష్టమైన చోటికి పోతుంది."

"నా బాణానికి ఇష్టమైన చోటు నేను చూసిన చోటే!" అంటూ గురివింద ఎదురుగా ఉన్న మోదుగ బోదెకు గురిపెట్టి వదిలింది. బాణం సగం దూరం బుద్ధిగా పోయింది. ఆ తరువాత ఎవరో పిలిచినట్టు పక్కకు తిరిగి పుట్టలో దిగబడింది.

ఆమె పుట్ట వంక చూసింది, యువరాజు వంక చూసింది. "సరేలే. మేం పక్కనుంచే కొడతాం, దూరం పోనీం. పొడుగు ఈకే కడదాం. కానీ పొడుగు ఈక పాములా బుసకొడతది. ఆ పంది చెవులు ఆకు రాలితే నిక్కుతయ్యంట. బాణం బయల్దేరిందని దానికి తెలిస్తే మనం బయల్దేరేది పైకే."

పొడుగూ ఉండాలి, చప్పుడూ ఉండకూడదు. ఇద్దరూ ఒకేసారి వేళ్ళు చూపించుకున్నారు.

"గుడ్లగూబ!"

గట్టు చివర ఎండిపోయిన చెట్టు తొర్రలో పూర్ణకుంభమంత గుడ్లగూబ ఒకటి, ముక్కు రొమ్ములో దాచుకుని, గాఢనిద్రలో ఉంది. ఉదయకేతుడు ఈకల సంగతి మరిచిపోయాడు. మునివేళ్ళ మీద నిలబడి, దేవుణ్ణి చూసినట్టు చూస్తూ ఉండిపోయాడు.

"ఎంత హాయిగా పడుకుందో చూడు గురివిందా! ఆ రెప్పలు చూడు! ఆ కునుకు చూడు!" అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఒక కన్ను తెరుచుకుంది. "పట్టపగలు మనిషి గొంతేమిటి?" అంది గుడ్లగూబ, బొంగురుగా.

"క్షమించండి పక్షిరాజా! రాలిన ఈకలు నాలుగు ఇప్పిస్తే..."

పక్షిరాజా అన్న మాటకు రెండో కన్ను కూడా తెరుచుకుంది. "ఏమన్నావు? మళ్ళీ అను. నేను కనబడితే చాలు, జనం ఉమ్మేసి తలుపులు వేసుకుంటారు. పుట్టి ఇంత కాలమైంది, నన్ను ఒక్కడు పొగడలేదు. ఈకలు కావాలా? పొగుడు."

నిద్రలేని మెదడు కొన్నిసార్లు మంచి మెదడు కంటే వేగంగా తిరుగుతుంది. యువరాజు చేతులు జోడించాడు. "ఓ విహంగ సార్వభౌమా! ఆకాశానికి ఒక్క చంద్రుడు, నీ ముఖానికి ఇద్దరు! నీ రెక్క కదిలితే గాలికే కబురు తెలియదు! నీ మెడ తిరిగే తీరు చూసి మా రాజనర్తకి అభ్యాసం మానేసి అడవి పట్టింది!"

"ఆఁ, ఇంకా?"

"నీ ముక్కు చూసినోడు చిలకను చూడడు!" అని గురివింద అందుకుంది. "నీ కాళ్ళకు బూరుగుదూది చెప్పులు తొడిగింది ఏ దేవుడోగానీ, ఆయన చెయ్యి బంగారంగానూ!"

గుడ్లగూబ సిగ్గుతో మెడ పూర్తిగా వెనక్కి తిప్పేసుకుంది. "ఈకలు రాల్చే రోజులే ఇవి. తొర్రలో ఉన్నాయి, తీసుకోండి. ఏ రెక్కవి కావాలి?"

"ఏదో ఒక రెక్కవే తాతా," అంది గురివింద. "కుడిదీ ఎడమదీ కలిపి కడితే ఒకటి ఇటు తిరగమంటది, ఇంకోటి అటు తిరగమంటది. బాణం తాగినోడిలా తూలతది."

గట్టు నీడలో కూర్చుని ఇద్దరూ పని ముగించారు. ఈనెలు చీల్చి, దుప్పి నరంతో చుట్టి, కుంపటి మీద లక్క కరిగించి అంటించారు. ఈకల అంచులు జిలుగుపట్టులా మెత్తగా, నురుగులా ఉన్నాయి. గురివింద ఆ కట్టును చెవి దగ్గర విసిరి చూసింది. ఏమీ వినబడలేదు. ఆమె ముఖం దీపంలా వెలిగింది. బాణాలు రెండే వచ్చాయి. ఒకదానికి ఆమె సన్నని రెండంచుల ములికి బిగించింది. అది ఎముక తగిలినా ఆగకుండా గుండె దాకా దిగుతుంది. రెండోదానికి ఉదయకేతుడు తన పొదిలోని నెలవంక ములికి తొడిగాడు. వంకర లోపలి అంచును సానరాయి మీద నూరి, ముంజేతి వెంట్రుకలు గీసి చూసుకున్నాడు.

"ఎవర్రా అక్కడ!"

అరుపు పిచ్చుక గొంతుతో వచ్చింది. అరిచినవాడు మాత్రం తాటిచెట్టంత ఉన్నాడు. ధూమగిరి మీది కరాళకేశుని కోటకు దళపతి ఉగ్రబాహుడు! వెనుక ఈటెల వరుస. పారిపోయే దారి లేదు. కన్నుమూసి తెరిచేలోగా గురివింద యువరాజు తలపాగా మీద కుంపటి బూడిద కుమ్మరించి, ముఖాన మసి రాసేసింది.

"అమ్ములు కట్టుకుని బతికేవోళ్ళం సామీ! ఈడు నా మొగుడు. మూగోడు."

మూగవాడి కళ్ళు గుడ్లగూబ కళ్ళంత అయ్యాయి.

"మీ ఆయన కళ్ళెందుకు అంత ఎర్రగా ఉన్నాయి?"

"ఏడుస్తాడు సామీ. నన్ను చేసుకున్న కాడ్నుంచీ అంతే."

ఉగ్రబాహుడు జాలిగా తల పంకించాడు. తరువాత అతని ముఖం వికసించింది. "బాణాలు కట్టేవాళ్ళా? సరిగ్గా దొరికారు! మా ఆయుధశాలలో ఎలుకలు పడి పింజలన్నీ కొరికేశాయి. స్వామివారు నేలమాళిగలో హోమానికి కూర్చున్నారు, లేచేలోగా అన్నీ బాగుచేయించకపోతే నన్నే కప్పను చేస్తారు. పదండి!"

కోట ముంగిట ఈకల బస్తాలు, బోడి బాణాల మోపులు గుట్టగా పోసి ఉన్నాయి. భటులు చుట్టూ నిలబడ్డారు. గురివింద, ఉదయకేతుడు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెదవి కదపకుండానే మాట కుదిరిపోయింది. ప్రతి బాణానికి కుడి రెక్క ఈక ఒకటి, ఎడమ రెక్క ఈక ఒకటి, మూడోది చేతికి వచ్చింది. పైకి మాత్రం కట్లు ముత్యాల సరాల్లా ముద్దుగా కుదిరాయి. యువరాజు ఉత్సాహం పట్టలేక కూనిరాగం తీయబోయి, తాను మూగవాణ్ణని గుర్తొచ్చి, దగ్గాడు.

"ఏదీ, ఒకటి వేసి చూస్తాను," అన్నాడు ఉగ్రబాహుడు.

గురివింద లక్క గిన్నె కింద పెట్టి, పారిపోవడానికి సిద్ధంగా కొంగు బిగించింది. దూరాన గురి కోసం గుమ్మడికాయ ఒకటి కట్టి ఉంది. దళపతి విల్లెత్తగానే చుట్టూ ఉన్న భటులు చప్పున అటూ ఇటూ పరిగెత్తి రాళ్ళ చాటున నక్కారు. ఎందుకో యువరాజుకు అర్థం కాలేదు. ఉగ్రబాహుడు ఒక కన్ను మూశాడు, తరువాత రెండోది కూడా మూశాడు, వదిలాడు. బాణం గుమ్మడికాయకు చాలా ఎడమగా బయల్దేరింది. మధ్యలో తూలింది, తడబడింది, కుడికి ఒరిగింది, సుడి తిరిగింది, పోయి పోయి గుమ్మడికాయ నడిబొడ్డున దిగబడింది.

రాళ్ళ చాటు నుంచి భటుల తలలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి.

"తగిలింది," అన్నాడు ఉగ్రబాహుడు. "పుట్టాక మొదటిసారి! మా అమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో!" అంటూ గురివింద రెండు చేతులూ కళ్ళకద్దుకుని బావురుమన్నాడు. "ఒరేయ్, ఇక ముందు కోటలో ప్రతి బాణానికీ ఇలాగే కట్టాలి! అమ్మా, బెల్లపుండలు తీసుకువెళ్ళు. మీ ఆయనకు పెట్టు, ఏడుపు తగ్గుతుంది. ఒక్కటే మాట, ఎగువ బయలు వైపు మాత్రం వెళ్ళకండి. స్వామివారి పంది మేస్తుంటుంది."

"అయ్యబాబోయ్, ఎందుకు పోతాం! ఎగువ బయలంటే, అటేనా?"

"అటు కాదు తల్లీ, ఇటు. ఆ రెండు బండల మధ్య నుంచి పోతే సరిగ్గా దాని ముందుకే చేరతారు. జాగ్రత్త!"

ఇద్దరూ అతనికి వంగి దణ్ణం పెట్టి, వంగిన నడుములతోనే మలుపు తిరిగి, ఆ రెండు బండల మధ్య నుంచి దూసుకుపోయారు.

ఎగువ బయలు మరకత కాంతితో మెరుస్తోంది. మోకాటి ఎత్తు గడ్డిలో నీలి పూలు, పసుపు పూలు అలలు అలలుగా ఊగుతున్నాయి. ఆ పూల నడుమ కొండచరియ ఒకటి కదిలింది. అదే లోహవరాహం! ఏనుగంత ఒళ్ళు, ఇనుప శూలాల వంటి వెంట్రుకలు, నేలను నాగలిలా చీల్చే కోరలు. మెడ కింద తోలుపట్టెకు వేలాడుతూ, చంద్రశకలంలా, వెండి గంట! గంట నాలుకకు మంత్రపు దారం చుట్టి ఉంది. పట్టె లాగినా, పంది మెడ విదిల్చినా ఆ దారం తెగి గంట మోగుతుంది. మోగితే నేలమాళిగలో ఉన్న కరాళకేశుడు లేచి వస్తాడు.

గాలి ఎదురు వచ్చేలా చుట్టు తిరిగి, ఒంటికి బురద పూసుకుని, ఇద్దరూ గడ్డిలో పాక్కుంటూ వెళ్ళారు. పంది ఊపిరి వేడి ముఖానికి తగిలేంత దగ్గరికి చేరాక గురివింద రెండంచుల బాణాన్ని అతని చేతిలో పెట్టింది.

"ముంగాలు వెనకాల, మడత పడే చోట," అని ఊపిరితోనే చెప్పింది. "అక్కడ తప్ప ఎక్కడా దిగదు. గుండె మీద పడితే అడుగు వేయకుండా కూలతది."

ఉదయకేతుడు విల్లు ఎక్కుపెట్టాడు. పంది తల తిప్పింది. దాని కళ్ళు చింతనిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి. తన కళ్ళలాగే! అది గడ్డిలో పడుకోబోయింది, ముందరికాళ్ళు మడిచింది. గంట బరువు మెడను కోసింది కాబోలు, ఉలిక్కిపడి మళ్ళీ లేచింది. తోలుపట్టె కింద మెడ పచ్చిపుండుగా ఉంది. ఊరి నిద్రంతా కంఠాన కట్టుకుని, ఆ జంతువుకు ఒక్క కునుకు లేదు.

యువరాజు రెండంచుల బాణం దించి, నెలవంకది తీశాడు.

"నీకేమన్నా పిచ్చా? పట్టె తెగితే పంది బతికే ఉంటది! మనం ఉండం!"

"దానికీ నిద్ర లేదు గురివిందా."

ఆమె పంది కళ్ళలోకి చూసింది. తరువాత చప్పుడు లేకుండా, బల్లిలా, గంట కిందికి పాకింది. గంట పడితే పట్టుకోవడానికి పంది కోరల మధ్య వెల్లకిలా పడుకుని రెండు చేతులూ చాచింది. ఆ ధైర్యం చూసి యువరాజు నెలవంక బాణం సంధించాడు.

నారి చెవిదాకా వచ్చింది. బాణం వెళ్ళింది. చప్పుడు లేదు! పొద్దుటి మంచు గాలిలో కలిసిపోయినట్టు వెళ్ళింది. నెలవంక వంకరలోకి తోలుపట్టె ఒదిగి దారప్పోగులా తెగింది. గంట తిన్నగా గురివింద గుండెల మీద పడింది. ఆమె గంట నాలుకను పిడికిట బిగించేసింది.

గంటతో సహా పక్కకు దొర్లింది. వరాహం కదలలేదు. మెడ ఎడమకు తిప్పి చూసుకుంది. కుడికి తిప్పి చూసుకుంది. బరువు లేదు! ఒక్కసారి ఆనందంతో కీచుమని, గిత్తదూడలా నాలుగు కాళ్ళ మీదా ఎగిరి గంతేసింది. ఆ గంతుకు బయలంతా దద్దరిల్లింది. కోట బురుజు మీద కొమ్ములు మోగాయి.

"పంది మెడ ఖాళీ! దొంగలు! ఆ మూగోడే!"

భటులు వరదలా బండల మధ్య నుంచి వచ్చి పడ్డారు. ఒక్కసారిగా ఆకాశం బాణాలతో నల్లబడింది. ఆ బాణాలు వచ్చిన తీరు వర్ణనాతీతం! కొన్ని పైకి పోయి అక్కడే గిరగిరా తిరిగాయి. కొన్ని పక్కవాడి తలపాగాను ఎగరేసుకుపోయాయి. ఒకటి నిండు చుట్టు తిరిగి, తనను వేసినవాడి పిరుదునే వెతుక్కుంటూ వచ్చింది. గురివింద గంటను కౌగిలించుకుని పొట్ట పట్టుకోలేక నవ్వుతోంది. అంతలో ఒక్క బాణం మాత్రం ఎడమగా బయల్దేరి, తూలి, తడబడి, యువరాజు తలపాగాను చెట్టుకు గుచ్చేసింది.

"మళ్ళీ తగిలింది!" అని ఉగ్రబాహుని పిచ్చుక గొంతు ఆనందంతో గింగురుమంది.

"ఆయన ఒక్కడే ప్రమాదం, పద!" అంటూ యువరాజు ఆమె చెయ్యి పట్టి లాగాడు. పోయేదెక్కడికి? మూడు వైపులా భటులు, నాలుగో వైపు లోయ. అప్పుడు ఇనుప కొండ ఒకటి వాళ్ళ పక్కన మోకరిల్లింది. వరాహం! ఎర్రటి కన్ను ఒకటి యువరాజును చూసి, 'ఎక్కు' అన్నట్టు రెప్పవేసింది.

ఎక్కారు. వరాహం పిడుగులా ఉరికింది. భటులు గడ్డిపోచల్లా చెదిరారు. గాలి చెవుల్లో ఈలలు వేసింది. ఎదుట లోయ నోరు తెరిచింది. అట్టడుగున నది వెండి తీగలా కనబడుతోంది.

"ఆగు! ఆగవే నా తల్లీ!" అని గురివింద అరిచింది.

ఆగలేదు. ఎగిరింది. ఒక్క క్షణం కింద ఏమీ లేదు, పైన ఏమీ లేదు. ముగ్గురి అరుపులూ కలిసి ఒకే అరుపైంది. మరుక్షణం అవతలి గట్టు మీద నాలుగు గిట్టలూ దభాలున దిగాయి. ఆ అదురుకు గురివింద పిడికిలి సడలింది. మంత్రపు దారం పుటుక్కున తెగింది.

టంగుమని గంట ఒక్కసారి మోగింది.

ఆ నాదంతో పాటు గంట అంచు నుంచి పాలనురుగు వంటిది ఒక చిన్న మబ్బుతునక జారింది. అది గాలిలో కాసేపు అటూ ఇటూ చూసి, తన మనిషిని గుర్తుపట్టి, ఉదయకేతుని కనురెప్పల మీద వాలింది.

"గురివిందా," అన్నాడతను. "అమ్మ..." ఆ మాట పూర్తికాలేదు. హేమకూట యువరాజు ఆమె భుజం మీద తల వాల్చి, నోరు తెరిచి, గురక పెట్టాడు.

గురివిందకు ముందు భయం వేసింది, తరువాత అర్థమైంది, ఆ తరువాత సంతోషం ముంచుకొచ్చింది. నిద్ర తిరిగొస్తుంది! మోత మోతకూ ఒక నిద్ర! ఈ గంటను ఊరి నడుమ మోగిస్తే పసివాళ్ళు పడుకుంటారు, ఈ దొర కన్నతల్లి పడుకుంటుంది!

"పడుకో దొరా, పడుకో," అంది, అతని నుదుటి మసి తుడుస్తూ.

వెనుక ధూమగిరి కోట కప్పు నిలువునా పగిలింది. లోపలి నుంచి నల్లని జడలు తీగల్లా పాకి, ఆకాశాన్ని పట్టుకుని, పైకి లేస్తున్నాయి. కరాళకేశుడు హోమం మధ్యలో లేచాడు! ఎండ మసకబారింది. వరాహం చెవులు నిక్కించి, ఆమె మాట కోసం వెనక్కి చూసింది.

గురివింద నడుముకు చుట్టుకున్న తాడు విప్పి, నిద్రపోతున్న యువరాజును పంది వీపుకు గట్టిగా కట్టింది. గంటను అతని ఒడిలో పెట్టి, నాలుక చుట్టూ తన కొప్పుగుడ్డ కుక్కింది. అతని చేతిలోంచి విల్లు మెల్లగా, నిద్ర చెడకుండా తీసుకుంది. పందిని హేమకూటం వైపు తోలి, రెండంచుల బాణం నారికి తొడిగి, వచ్చే చీకటికి ఎదురుగా, వెనక్కి తిరిగి కూర్చుంది.

"చప్పుడు చెయ్యకుండా రారా జడలోడా," అంది. "మావోడు ఇప్పుడే కళ్ళు మూశాడు."